నూరువరహాల పూలు, ముసలవ్వ మేక

మంథనిలో నా చిన్నప్పుడు, మా పక్కింటి అక్క నస్పూర్‌లోని తల్లిగారింటి నుంచి నూరువరహాల కొమ్మ తెచ్చి వాకిట్లో నాటింది. రెండేళ్లకు అది మొదటిసారి ఎర్రగా, గుత్తులు గుత్తులుగా పూసింది. ఆదివారం వాళ్లమ్మ బస్సెక్కి చూడటానికి వస్తుందని అక్క ఎవరినీ ఒక్క పువ్వు కోయనివ్వలేదు.

శనివారం ఆమె బట్టలు ఉతకడానికి గోదావరికి పోయింది. నేను ఒక పువ్వు తెంపి, మధ్యలోని సన్నటి పోగు లాగి, కొసన నిలిచిన తేనెబొట్టు నాలుకకు రాసుకున్నాను. ఒక్కటితో ఆపుదామనుకున్నాను. చూసేసరికి చెట్టుకు ఆకులే మిగిలాయి. పీల్చి పడేసినవన్నీ ఏరి గోడ వెనక పారేసి ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం అక్క అత్తగారు ఎదురింటి ముసలవ్వను వాడంతా వినేలా తిట్టింది. మేకను వదిలిపెట్టి చెట్టు మేపించిందట. ముసలవ్వకు ఎవరూ లేరు, ఆ మేక ఒక్కటే తోడు. "పొద్దటి సంది కట్టేసే ఉన్నదమ్మా" అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. నేను మా గడప మీద రొట్టె తింటూ అంతా చూశాను.

మూడోరోజు మధ్యాహ్నం అక్క నన్ను చెట్టు దగ్గరికి పిలిచింది.

"మేకైతే ఆకులు గూడ తింటది బిడ్డా. పూలే పీల్చి గోడెన్క పారేస్తదా?"

నాకు ఏడుపొచ్చింది. "నీకు ఎర్కేనా అక్కా?"

"గా దినమే ఎర్కైంది. నువ్వే చెప్తవని చూసిన."

నా చెయ్యి పట్టుకుని ముసలవ్వ దగ్గరికి తీసుకుపోయింది. బియ్యం ఏరుతున్న ముసలవ్వ నేను చెప్పిందంతా తలెత్తకుండా విన్నది.

"మేకను పొద్దుగాలనే అంగట్ల అమ్మిన బిడ్డా, మాటలు పడలేక. నిన్న చెప్పినా ఉంచుకుంటుంటి."

అక్క ముఖం వాడిపోయింది. "నాది గూడ తప్పే అవ్వా. ఎర్కుండి ఊకున్న" అన్నది.

ఆ సాయంత్రమే అక్క తన అత్తగారికి అందరి ముందరా నిజం చెప్పింది. తర్వాత అంగడి నుంచి అంగడికి ఆ మేక కోసం వెతికించింది కూడా. దొరకలేదు. ముసలవ్వ నన్ను ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు, ఎప్పటిలాగే పిలిచి బెల్లంముక్క పెట్టేది. అది నాకు తినబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు నా తప్పు మరొకరి మీద పడేటట్టుంటే, పక్కవాళ్లు వారిస్తున్నా అక్కడికక్కడే ఒప్పేసుకుంటాను. నాది మంచి మనసని అంటారు. కాదు, ఆలస్యమవుతుందన్న భయం.