తప్పు కనిపిస్తే రాయండి

మా పెదనాన్న ముప్పై ఒక్క ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఎక్కువగా మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు. వాటిని ఎవరూ చదవరని ఆయనకు తెలుసు. అయినా ఒక్క చుక్క తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు.

ఆ గుణంతోనే ఈ పని నెత్తికెత్తుకున్నాడు. యూదుల పవిత్ర గ్రంథమైన హీబ్రూ లేఖనాన్ని మాట మాటకీ తెలుగులో పెట్టడం. పైన హీబ్రూ మాట, సరిగ్గా దాని కింద తెలుగు మాట. ఆ కింద పాతకాలపు వ్యాఖ్యాతలు ఆ పంక్తి గురించి ఏమన్నారో ఉంటుంది. ఒకాయన ఔనంటే ఇంకొకాయన కాదంటాడు. పెదనాన్న ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తాను నోరు మెదపడు. అంతా ఉచితం. ఆయనకు హీబ్రూ నేర్పిన ముసలి మాస్టారు ఏమీ పుచ్చుకోలేదట. "ఊరికే వచ్చినదాన్ని అమ్ముకోనా?" అనేవాడు పెదనాన్న.

పనంతా భోజనాల బల్ల మీదే. మాటకో అట్టముక్క, చెప్పుల డబ్బాల నిండా అట్టముక్కలు. ప్రతి పంక్తినీ రెండుసార్లు సరిచూస్తాడు, రెండోసారి చివరి మాట నుంచి వెనక్కి. ముందుకు చదివితే అర్థం మనల్ని ఈడ్చుకుపోతుందట, తప్పు కనపడదట. రోజుకు నాలుగు పంక్తులు. పెద్దమ్మ కంచాలు పెట్టాలంటే ముందు డబ్బాలు జరపాలి.

"ఈయన పిచ్చికి తోడు వీడొకడు," అనేది నన్ను చూసి. "ఒకరు ఉద్యోగం అయిపోయినాయన, ఒకరు కాలేజీ మానేసినోడు. బాగా కుదిరారు ఇద్దరూ!"

కంప్యూటరు పని నాది. నేను పేజీ తయారుచేసి కాగితం మీద తీసి ఇస్తే, ఆయన ఎర్రపెన్నుతో దిద్దుతాడు. ఆ తర్వాత నెట్‌లో పెడతాను. ప్రతి పేజీ అడుగునా ఆయన పట్టుబట్టి పెట్టించిన ముక్క ఒకటుంటుంది: "తప్పు కనిపిస్తే రాయండి. మీ పేరు వేసి సరిదిద్దుతాం."

సోమవారం సోమవారం అడిగేవాడు. "ఎవరైనా రాశారా?"

"పదకొండు వేలమంది దించుకున్నారు పెదనాన్నా."

"అది కాదురా. తప్పేమైనా పట్టారా?"

"లేదు. అద్భుతం అన్నారు. దండాలు పెట్టారు."

"దండాలు నాకెందుకు? తప్పు పడితే కదా చదివారని తెలిసేది!"

అన్నాడే గానీ, ఒక పొగడ్తను మాత్రం అట్టముక్క మీద ఎక్కించుకున్నాడు. ఎవరో లెక్చరరు రాసింది: 'ఒక్కో మాటా తన చోట కుదురుగా కూర్చుంది.' దాన్ని కళ్లజోడు డబ్బాలో దాచుకున్నాడు.

పగలు నేను ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాను. మొన్న ఒక ఫోనుకు అద్దం మార్చి, ఎలా కనబడుతుందో చూద్దామని మా పేజీ తెరిచాను. మూడేళ్లు అతికించి అతికించి, ఓ ఇరవై హీబ్రూ మాటల్ని మొహం చూసి పోల్చుకోవడం వచ్చింది నాకు. చీకటి కింద వెలుగు అని ఉంది. వెలుగు కింద చీకటి.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కింద తెలుగు మాటలూ అదే దారిన నడవాలి. రెండేళ్ల కిందట పేజీలను ఫోన్లకు సరిపడేలా మార్చింది నేనే. పై వరస బాగానే ఉంది, కింది వరస మొత్తం అటుదిటు అయిపోయింది. ఏడు మాటల పంక్తిలో నడిమి మాట ఒక్కటే తన చోట ఉంది. దించుకునే ఫైలూ అంతే. కాగితాలు ఫోన్లకు మార్చని పాత నమూనాలోంచే తీసేవాణ్ణి గనక పెదనాన్న కంటపడలేదు. నేను చూడాల్సింది, చూడలేదు. అంతే.

కొట్లోనే కూర్చుని సరిచేశాను. గంట కూడా పట్టలేదు. చెప్పకపోయినా గడిచిపోయేది. సాయంత్రం వెళ్లి చెప్పాను.

తిడతాడనుకున్నాను. ఆయన మొహం విచ్చుకుంది. పెన్నుకు మూత పెట్టి, "ఎవరు రాశారు?" అన్నాడు.

"ఏంటి?"

"తప్పు పట్టిందెవరురా? పేరు చెప్పు. పేజీ మీద వెయ్యాలి."

పెద్దమ్మ కూడా చేతిలో గిన్నెతో ఆగిపోయింది. ఏదో ఒక పేరు చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది.

"ఎవరూ రాయలేదు. నేనే చూశాను."

"ఎన్నాళ్లుగా ఉంది అలా?"

"రెండేళ్లు."

"అన్ని పేజీలూనా?"

"అన్నీ."

"పదకొండు వేలమంది," అన్నాడు పెదనాన్న, తనలో తానే.

"ధర పెట్టి ఉంటే తిట్టడానికైనా తెరిచేవాళ్లు," అంది పెద్దమ్మ. ఎప్పుడూ ఉండే వెటకారం లేదు ఆమె గొంతులో. ఉన్నా బాగుండేది.

పెదనాన్న కళ్లజోడు డబ్బాలోంచి లెక్చరరు అట్టముక్క తీశాడు. చింపేస్తాడనుకున్నాను. వెనక్కి తిప్పాడు. అటువైపు ఖాళీగా ఉంది. తరవాతి పంక్తిలోని మాట దాని మీద రాసి, మిగతా ముక్కల్లో కలిపేశాడు.

"నన్నేమైనా అను పెదనాన్నా."

"నిన్నేం అంటాను? నువ్వైనా చూశావు." డబ్బా పక్కకు జరిపి, "అడుగున ఆ ముక్క తీసెయ్యి," అన్నాడు.

"ఏ ముక్క?"

"రాయండి అంటూ అడుక్కుంటున్నాం చూడు, అది. మందు కాగితాల మీద ఎవడైనా వేస్తాడా అలా?"

మూడువందల పన్నెండు పేజీల్లోంచి తీసేశాను.

సోమవారం వచ్చింది. పెదనాన్న ఏమీ అడగలేదు. నాలుగు పంక్తులు దిద్ది, వెనక నుంచి ఇంకోసారి సరిచూసి, నా చేతికిచ్చాడు.