పొగను దయ్యమన్నవాళ్లు

ఒక బొమ్మల సీరియల్లోని ముసలి డిటెక్టివ్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నేను సౌదీకి వెళ్లింది గల్ఫ్ యుద్ధం ముగిసిన కొత్తలో. రాస్ తనూరా దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీలో పైపుల పని. కువైట్‌లో తగలబడ్డ నూనెబావుల నుంచి కొట్టుకొచ్చిన మసి అప్పటికింకా మా కూలీల క్యాంపు రేకుల మీద ఉండేది. క్షిపణుల భయమున్న రోజుల్లో ఆఫీసువాళ్లకు గ్యాస్ మాస్కులిచ్చి, కూలీలను తడి తువాళ్లు ముక్కుకు కట్టుకోమన్నారని పాతవాళ్లు చెప్పి నవ్వేవారు. ఆ నవ్వు నాకు చేతనయ్యేది కాదు.

ఏళ్లు గడిచాయి. కంపెనీలు మారాను. ల్యాప్‌టాప్‌లు క్యాంపుల్లోకి వచ్చేనాటికి నాతోపాటు గదిలో ఇద్దరుండేవారు. ఒకతను జగిత్యాల వైపు తాపీమేస్త్రీ, నాకంటే చిన్నవాడు. రెండో అతను ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్. ఆ ల్యాప్‌టాప్ అతనిదే. శుక్రవారం వంటలు అయ్యాక అతను జపాన్ బొమ్మల సీరియల్ పెట్టేవాడు. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. పక్క గది హైదరాబాదీ డ్రైవర్ భాయ్ వచ్చి ఆ అక్షరాలు చదివి మాకు చెప్పేవాడు, సగం ఉర్దూలో, సగం తెలుగులో.

కథ ఒక చేపలరేవు ఊరిది. అక్కడ మనుషులు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. సముద్రంలోంచి దయ్యం వస్తోందని ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. దాన్ని తేల్చడానికి ఒక ముసలి డిటెక్టివ్ వస్తాడు. బక్కమనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు. కుర్ర పోలీసులు వెనక నవ్వుతున్నా ఇల్లిల్లూ తిరుగుతాడు. చచ్చినవాడు ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, చివరగా ఎవరితో మాట్లాడాడు అని ఓపికగా అడుగుతాడు. మేస్త్రీకి అతనంటే ప్రాణం.

"అన్నా, గీ తాత ఇడ్సిపెట్టడు సూడు. సచ్చినోని గురించి గిట్ల అడిగేటోడు ఒక్కడుండాలె" అనేవాడు.

ఆ చలికాలం మేస్త్రీని వరుస చివరి గదికి మార్చారు. ఆ గదిలో అంతకుముందు ఏడాది ఒకతను నిద్రలోనే పోయాడు. గది గోడకు ఆనుకునే జనరేటర్. ఏసీ తీసేసిన కంతకు అట్టముక్క అడ్డం పెట్టి ఉండేది. నాలుగు రోజులకే మేస్త్రీ తలనొప్పి అన్నాడు, పొద్దున లేస్తే కడుపులో తిప్పుతోందన్నాడు. గదుల సంగతి చూసే క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లి పొగ వస్తోందని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"కిటికీ మూసుకో, మాఫీ ముష్కిల్, ఏం కాదు" అన్నాడు క్యాంప్ బాస్. అతనూ మన దేశంవాడే.

ఇసుకగాలి లేచిన ఒక ఉదయం మేస్త్రీ పనికి వెళ్లే బస్సు దగ్గరికి రాలేదు. నేనూ భాయ్ వెళ్లి తలుపు నెట్టాం. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకున్నట్టే ఉన్నాడు. పిలిచాను. కదిపాను. ఒళ్లు చల్లబడిపోయింది. గదిలో డీజిల్ కంపు.

చావు రాసుకోవడానికి వచ్చిన పోలీసులు, డాక్టరు ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. గుండె ఆగిందని రాసుకుని వెళ్లారు. గుండె ఆగకుండా ఎవడు చస్తాడు? సాయంత్రానికి క్యాంప్ బాస్ కొత్త మాట పుట్టించాడు: ఆ గదిలో జిన్ను ఉందట, అందుకే ఇద్దరు పోయారట. గదికి తాళం వేసి, గడప ముందు ఊదు వేయించాడు. మావాళ్లూ నమ్మారు. దయ్యమైతే ఎవరితోనూ కొట్లాడక్కర్లేదు కదా.

తరువాతి శుక్రవారం ఆ సీరియల్ చివరి భాగం చూశాం. మేస్త్రీ చూడాల్సింది అని ఫిలిప్పీనో పెట్టాడు. ముసలాయనకు నిజం దొరికింది. ఆ చావులు చేపల గోదాం యజమాని చేసిన పని. కానీ పైఅధికారి బయటపెట్టొద్దన్నాడు. ముసలాయన తల వంచుకున్నాడు. ఊరివాళ్లను పోగేసి, "సముద్రానికి పూజ చేయండి, దయ్యం ఇక రాదు" అని చెప్పి రైలెక్కేశాడు.

భాయ్ ఆ మాట చదివి చెప్పాడు. నేను ల్యాప్‌టాప్ మూత ధడేల్‌మని మూసేశాను. ఫిలిప్పీనో లేచి నిలబడ్డాడు.

"తెలిసి గూడ దయ్యమన్నడు! గీనికంటె ఆ కుర్ర పోలీసోళ్లే నయం" అని అరిచాను. ఎవరి మీద అరుస్తున్నానో భాయ్‌కి అర్థమైంది.

"బొమ్మ మీద ఎందుకు అన్నా గుస్సా? రేపు ఆఫీస్ పోదాం, నేను గూడ వస్తా" అన్నాడు.

వెళ్లాం. క్యాంప్ బాస్ కుర్చీలోంచి లేవలేదు.

"నువ్వు డాక్టర్‌వా? ఎక్కువ మాట్లాడితే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తా."

"కొట్టియ్యి. ముందుగాల్ల నువ్వు పొయ్యి ఆ గదిల ఒక్క రాత్రి పండు. జనరేటర్ నడుస్తుండాలె."

అతను తలుపు వైపు చెయ్యి చూపించాడు. బయటికొచ్చి బస్సు ముందు కూర్చున్నాం. మొదట మేమిద్దరమే. తరువాత ఫిలిప్పీనో వచ్చాడు, తరువాత మా వరుస గదులవాళ్లు. జిన్ను అన్నవాళ్లు కూడా వచ్చారు. బస్సు కదల్లేదు. ఎండ నెత్తికెక్కేవేళకు క్రేన్ తెప్పించి జనరేటర్‌ను కంచె అవతలికి మార్చారు. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. తప్పు మాదన్న మాట ఎవరి నోటా రాలేదు. నన్ను పంపేయలేదు, అంతే.

సెలవు దొరికాక మేస్త్రీ ఊరికి వెళ్లాను. జిన్ను కథ నాకంటే ముందే అక్కడికి చేరింది. వాకిట్లో అతని తల్లి నలుగురి ముందు కోడలిని తిడుతోంది.

"దేవర మొక్కు తీర్చలే గీ దొంగముండ. గందుకే నా కొడుకును దయ్యం మింగింది."

ఆ పిల్ల గోడవైపు తిరిగి బియ్యం ఏరుతోంది. ఇది అలవాటైన తిట్టని ఆ వీపు చూస్తేనే తెలిసింది. నా ఒళ్లు మండిపోయింది.

"దయ్యం గాదు అత్తమ్మా, పొగ. జనరేటర్ పొగ. ఏ మొక్కుకూ సంబంధం లేదు. నేను పక్కనున్నోణ్ని, నేను జెప్తున్న" అన్నాను, వీధిదాకా వినపడేలా.

ముసలామె తిట్టడం ఆపి నా దగ్గరికి వచ్చింది.

"పొగ వస్తుందని నా కొడుకు ఎవలకన్న చెప్పిండా?"

"క్యాంప్ బాస్‌కు చెప్పిండు."

"ఆడేమన్నడు?"

"కిటికీ మూసుకొమ్మన్నడు."

కోడలు చేట పక్కన పెట్టి మా వైపు తిరిగింది. ముసలామె ఆమె భుజం పట్టుకుని తన దగ్గరికి లాక్కుంది. అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. క్యాంప్ బాస్‌ను, వాడి వంశాన్ని, వాడు తినే కూడును, వాడు పడుకునే మంచాన్ని. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకో అన్నారు. నేను అనలేదు. గడప మీద కూర్చుని అన్నీ విన్నాను. ఒక్కటీ ఎక్కువ అనిపించలేదు.