మూడో లైను పాట

మా అమ్మ పాడదు. మా ఇంట్లో ఈ మాట "అమ్మ కాకరకాయ తినదు" అన్నంత మామూలు. చర్చిలో అందరూ లేచి పాడుతుంటే పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదుపుతుంది, అంతే. అలాంటి మనిషికి మొన్న చలికాలం మొదట్లో బోధన్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి, "ఎల్లుండి బోధన్ పోవాలె. రైలేందో సూడు" అంది. నా చేతిలో చపాతీ కర్ర అలాగే ఉండిపోయింది. పక్క వీధిలో పెళ్లికి రమ్మంటేనే మోకాళ్ల నొప్పులని వంక చెప్పే మనిషి ఈవిడ!

ఫోన్ చేసింది గంగారాం అనే పెద్దాయన. అమ్మ పుట్టింది బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో. తనకు పదేళ్లప్పుడు తాతయ్య పోయాడు. అమ్మమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అమ్మ మళ్లీ అటు వెళ్లలేదు. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయినా, ఆ క్వార్టర్ల వాళ్లు మాత్రం ఏటా పాత రోజుల్లో చెరకు క్రషింగ్ మొదలయ్యే తేదీకి అక్కడే కలుసుకుంటారట. భోజనాలకు ముందు ఒక అమెరికా పల్లెపాట పాడతారట.

"బోధన్‌లో అమెరికా పాటేమిటమ్మా?" అన్నాను.

"మా చిన్నప్పుడు బడిల ఒక అమెరికా టీచరమ్మ ఉండె. ఆమె నేర్పింది. పాటకు మా క్వార్టర్ల మూడో లైనోళ్లు ఎవ్వరు దొరుకుతలేరట, అందుకే నన్ను పిలుస్తున్నడు. కని ముందే చెప్తున్న, నేనైతే పాడ. ఊకె సూసొస్త."

ఎందుకు పాడదో నాకు తెలుసు. పెళ్లికి ముందు చర్చి క్వయర్‌లో చేరదామని వెళ్లి, తనకు వచ్చిన ఒకే ఒక్క పాట, ఆ అమెరికా పాటే, పాడిందట. క్వయర్ మాస్టారు సగంలో ఆపించి, "అమ్మాయీ, ఇది పాట కాదు, గొణుగుడు. నీకు రాగమూ లేదు, చెవీ లేదు" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ నవ్వు ఇప్పటికీ అమ్మ చెవిలోనే ఉంది. అప్పటినుంచి పాడాలనిపిస్తే మిక్సీ వేసుకుని పాడుకుంటుంది. మిక్సీలో ఏమీ లేకుండా మిక్సీ తిరుగుతోందంటే, అమ్మకు ఆ పూట మనసు బాగుందని మేం అర్థం చేసుకుంటాం. నిజం చెప్పాలంటే మాస్టారు అన్నదాంట్లో తప్పేమీ లేదనే నేనూ అనుకునేదాన్ని. ఆ పాట ఉన్నచోటే ఉండి, కాస్త పైకి పోయి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. పోనీలే, ఆవిడ సంతోషం ఆవిడది.

పొద్దున్నే కాచిగూడలో నాందేడ్ వైపు వెళ్లే రైలెక్కాం. వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. కాచిగూడలో ఎక్కితే కిటికీ సీటు దొరుకుతుంది, మల్కాజిగిరిలో ఎక్కితే ఇక దేవుడే దిక్కు. మేడ్చల్ దాటేసరికి ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు అయిపోయాయి. ఎదురుగా ధర్మాబాద్ వెళ్లే ఒకావిడ, మరాఠీలో ఫోన్ మాట్లాడి మాతో తెలుగులోకి మారింది.

"బాసరకా అవ్వా?"

"కాదు, బోధన్‌కు."

"బోధన్‌ల ఏమున్నది ఇప్పుడు? ఫ్యాక్టరీ బంద్ పడె."

"నా చిన్నతనం ఉన్నది," అంది అమ్మ. ఆవిడ కామారెడ్డిలో జామపండ్లు కొని మాకూ ఒకటి ఇచ్చింది.

పదకొండు కావస్తుండగా నిజామాబాద్‌లో దిగాం. స్టేషన్ నుంచి బస్టాండ్ దగ్గరే, ఆటోవాళ్ల మాట వినకుండా నడిచి వెళ్లొచ్చు. బోధన్ బస్సులకు కొదవ లేదు. ఇద్దరం ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు కొట్టి ఇచ్చింది. అమ్మ ఆ చీటీని మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది. జానకంపేట దాటాక రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు వాటిని తప్పిస్తూ, తిట్టుకుంటూ పోనిచ్చాడు. ఎడపల్లి దగ్గర అమ్మ హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. పాడుమంటరేమో అని బుగులైతుంది."

బోధన్ బస్టాండ్ నుంచి ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌కు ఆటో మాట్లాడుకున్నాం. మూతపడిన ఫ్యాక్టరీ అంటే తాళం వేసిన గేటు, లోపల దుమ్ము పట్టిన యంత్రాలు ఉంటాయని ఊహించుకున్నాను. ఆటో ఆగాక చూస్తే, తుప్పు పట్టిన షెడ్ల మీద రేకులు లేవు. గోడల్లోంచి మొక్కలు మొలిచాయి. ఆటో అతనికి డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి అమ్మ పక్కన లేదు. క్వార్టర్లలోకి వెళ్లిపోతోంది, మోకాళ్ల నొప్పులన్నీ ఏమైపోయాయో!

మొదటి లైను ఉంది. రెండో లైను ఉంది. ఇళ్ల ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి. మూడో లైను ఉండాల్సిన చోట నిలువెత్తు తుమ్మకంప. అందులో నీళ్లు పట్టుకునే పాత నల్లా గద్దె ఒక్కటే మిగిలింది. దాని అవతల నాలుగో లైను.

"మా ఇల్లేదే?" అంది అమ్మ నా మొహంలోకి చూసి, నేనేదో దాచేసినట్టు. "ఒక్క ఇల్లు సుత లేదేందే?" అమ్మ ఆ గద్దె మీద కూలబడింది. మూడో లైను వాళ్లెవరూ ఎందుకు దొరకడం లేదో నాకప్పుడు అర్థమైంది.

గంగారాం మమ్మల్ని అక్కడే పట్టుకున్నాడు. సన్నటి మనిషి, మెడలో కండువా, రెండో లైనులో పుట్టి ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నాడు. "శాంతక్కా! నల్లా కాడ్నే కూసున్నవా? మీ అవ్వ గిట్లనే కూసుంటుండె!" అని అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను తుమ్మచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

క్వార్టర్ల మధ్య జాగాలో షామియానా వేశారు. ఓ పక్క బగారా అన్నం దమ్ములో ఉంది. వంద మంది దాకా వచ్చినట్టున్నారు. గంగారాం మమ్మల్ని మరో ఇద్దరికి పరిచయం చేశాడు. ఒకరు ఖాజా చాచా, ఊళ్లో దర్జీ. తండ్రి బాయిలర్ దగ్గర పనిచేశాడు, వాళ్లది నాలుగో లైను. ఇంకొకరు వరలక్ష్మి గారు. కాలువ కింద పొలాలకని గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రికి ఫ్యాక్టరీలో చెరకు తూకం దగ్గర ఉద్యోగం, మొదటి లైనులో ఇల్లు.

"రండి వదినగారూ, మీ కోసమే చూస్తున్నాం. ఒక్కసారి పాట అనుకుందామా?" అంటూ ఆవిడ గొంతు సవరించుకుని ఎత్తుకుంది. పదాలు ఇంగ్లీషు. రాగం హాయిగా పైకి లేచి వంపు తిరిగి దిగుతోంది. నాకు భలే నచ్చింది. అమ్మ మొహం మాత్రం మాడిపోయింది.

"పదాలు గవే గని, పాట గది కాదు," అంది.

"అయ్యో, అదేనండీ! మా లైనులో మా అమ్మ అలాగే పాడేది."

"మీ అమ్మ ఎట్ల పాడిందో నాకెర్కలేదు. మా లైన్ల అందరు గిట్ల పాడిండ్రు!"

ఆ కోపంలో అమ్మ పాడేసింది. మిక్సీ లేకుండా, నలుగురిలో, పట్టపగలు! అదే పాట, ఉన్నచోటే ఉండి, కాస్త పైకి పోయి, మళ్లీ వచ్చి కూర్చునేది. రెండు చరణాలు పాడి ఆపింది. ఎదురుగా ముగ్గురూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఆ మౌనం అమ్మకు తెలిసిన మౌనమే. దాని తర్వాత నవ్వు వస్తుందని కూడా ఆవిడకు తెలుసు. మొహం ఎర్రబడింది. బ్యాగు చంకలో పెట్టుకుంది.

"చెప్పిన గదనే, నేను పాడనన్న. పా, పోదాం."

వచ్చే బస్సుకే వెళ్లిపోయేవాళ్లం. కానీ ఖాజా చాచా అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆయన కళ్లు నిండిపోయి ఉన్నాయి. "జానా నక్కో, పోవద్దక్కా. నువ్వు నీది పాడు. మమ్మల్ని సూడకు, మమ్మల్ని ఇనకు. నీదే పాడు," అని, తను నేలలోంచి వచ్చినంత లోతు గొంతుతో మొదలుపెట్టాడు. అదసలు పాటే కాదు, చెరకు బండి చక్రం గుంతలో పడి లేస్తున్నట్టుంది. గంగారాం అందుకున్నాడు, ఆయనది ఇంకో దారి. వరలక్ష్మి గారు తన రాగం ఎత్తుకుంది. ముగ్గురూ మూడు పాటలు! ఇదేం గోలరా బాబూ అనుకున్నాను. అమ్మ కాసేపు వాళ్ల మొహాలు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, మొండిగా, తనది పాడింది.

నా మాట నమ్మండి, సంగీతం గురించి ఓనమాలు తెలియని లెక్కల టీచర్ని నేను. అప్పటిదాకా పైన ఒక పాట, కింద ఒక పాట, మధ్యలో బోలు. అమ్మ గొంతు ఆ బోలులోకి సరిగ్గా వెళ్లి కూర్చుంది. నాలుగూ ఒకే పాట అయిపోయాయి. ఇన్నేళ్లుగా మా వంటింట్లో వింటున్న గొణుగుడు, అదే, ఒక్క పిసరు కూడా మారలేదు. కానీ ఇప్పుడు అది లేకపోతే పాట నిలవదని నాకే తెలిసిపోతోంది. అమ్మ ఠక్కున ఆగి కళ్లు తెరిచింది.

"ఇదేంది?" అంది భయంగా. "ఇదేంది గంగారాం?"

అప్పుడు చెప్పాడు. ఆ టీచరమ్మ ఆ పాటను నాలుగు గొంతులకు కూర్చిందట. కానీ ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు, నలుగురిని ఒకచోట చేర్చడం ఆమె వల్ల కాలేదు. అందుకని లైనుకు ఒక గొంతు పంచింది. సాయంత్రాలు ఒక్కో లైనుకు వెళ్లి, ఆ లైను ముక్క మాత్రమే నేర్పేది. లైను వాళ్లు నల్లా దగ్గర, పొయ్యి దగ్గర అదే పాడుకునేవాళ్లు. వాళ్ల పిల్లలకు అదే పాట. క్రషింగ్ మొదలయ్యే రోజున మాత్రం నాలుగు లైన్లూ గేటు ముందు నిలబడి, చెరకు బండ్ల వరస ఎదుట కలిపి పాడేవాళ్లు.

"బండోడి పాట అక్కా ఇది. పొద్దుగూకినంక బండి కట్టుకొని ఇంటికి పోయేటోని పాట. మూడో లైనుది ఆల్టో అంటరు. గది నడుమల ఉంటది, ఎవలకు వినబడది, కని అన్నిట్ని పట్టుకుంటది. గది లేక ఎన్నేండ్లాయె మేం కలిపి పాడి! ముగ్గురం పాడుడు, మధ్యల కూలిపోవుడు, నవ్వుకొని అన్నం తినుడు."

"టీచరమ్మ పాట నేర్పిన ఏడే, వానకాలంల మా బాపు పోయిండు," అంది అమ్మ. "క్రషింగ్ దాకా మేం లేకపోతిమి. నేను ఎన్నడు కలిపి ఇనలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు దుఃఖంకన్నా ముందు కోపం వచ్చింది. ఆ క్వయర్ మాస్టారు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఆ మాటే అన్నాను. "ఆయన తప్పేమున్నదే? నాకే తెల్వదాయె," అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ.

భోజనాలకు ముందు అందరూ లైన్లవారీగా నిలబడ్డారు. మొదటి లైనుకు పాతిక మంది, రెండో లైనుకు ఇంకా ఎక్కువ, నాలుగో లైనుకు ఖాజా చాచా, ఆయన అన్నదమ్ములు, అల్లుళ్లు. మూడో లైనుకు మా అమ్మ ఒక్కతే, చెప్పులు విప్పి, బ్యాగు నా చేతికిచ్చి. ఇంతమందిలో ఈ గొంతు ఏం వినబడుతుందని నేను హడలిపోయాను. పాట మొదలయ్యాక అసలు సంగతి చూశాను. మొత్తం మూడు లైన్ల వాళ్లూ గొంతులు తగ్గించేశారు. ఒక్క మనిషి కోసం వంద మంది మెల్లగా పాడారు. వాళ్లెవరూ అలా చేయమని ఒకరికొకరు చెప్పుకోలేదు. పాట కూలలేదు. చివరిదాకా నిలబడింది. వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

బగారా అన్నం, కోడికూర, పెరుగు పచ్చడి. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. ఖాజా చాచా మమ్మల్ని బస్టాండ్ దాకా దింపి, ఇరానీ చాయ్ తాగితే గానీ వదల్లేదు. "వచ్చే ఏడు రాకపోతే నేనే వచ్చి ఎత్తుకపోత," అన్నాడు. ఎండ తగ్గాక బస్సు, సాయంత్రం నిజామాబాద్‌లో రైలు. బోధన్‌లో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే ఇంతే చెప్పగలను: రేకులు లేని షెడ్లు, తుమ్మకంప, ఒక నల్లా గద్దె. నేను మాత్రం ఇప్పటికీ ఆ పాట విన్న విస్మయం నుంచి తేరుకోలేదు.

రైలు కదిలాక అమ్మ కిటికీ పక్కన కూర్చుని పాడుకోవడం మొదలుపెట్టింది. మిక్సీ లేదు, ఏమీ లేదు. కామారెడ్డిలో దిగాల్సిన ఒకావిడ కాసేపు విని, మొహమాటం లేకుండా అడిగేసింది.

"ఏం పాట అవ్వా అది? రాగమే లేదు, ఒక్క తాన్నే తిరుగుతున్నది."

అమ్మ నవ్వింది.

"రాగమున్నది బిడ్డా. తక్కిన మూడు ముక్కలు బోధన్‌ల ఉన్నయి," అని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.