నాలుగు గంటల సంతకం

మేరమ్మ అంత మెత్తగా కనిపించే మొండి మనిషిని నేను చూడలేదు. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి, భర్త ఏసురాజుతో, కూతురు రీటాతో క్రైస్ట్‌చర్చ్ వచ్చింది. అక్కడ రిక్కార్టన్ అనే పేట పక్కనున్న వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే పని ఆమెది, వంటగది పని నాది. తెలుగు చర్చి మానేసి క్వేకర్లనే క్రైస్తవ శాఖలో కలిసిందని మనవాళ్లంతా చెవులు కొరుక్కున్నారు. పాస్టరు లేడట, పాటలు లేవట, గంటసేపు మౌనంగా కూర్చుంటారట, లోపల ప్రేరణ కలిగినవాళ్లు లేచి నాలుగు మాటలు చెబుతారట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేనూ నవ్వాను.

అయినా నెలకో ఆదివారం వాళ్లు కూడుకునే మీటింగ్ హౌస్‌లో ఆమె తెలుగులో చెప్పే క్లాసుకు వెళ్లేదాన్ని. అందరం కలిపి ఆరుగురం. నేను వెళ్లేది దేవుడి కోసం కాదు, ఆమె కోసం.

ఆ ఆదివారం ఒట్ల గురించి చెప్పింది. మూడున్నర వందల ఏళ్ల కిందట ఇంగ్లండు కోర్టుల్లో బైబిలు మీద ప్రమాణం చేయమంటే క్వేకర్లు చేయలేదట, జైళ్లకు పోయారట.

"ఒట్టేసినప్పుడే నిజం చెప్తానంటే, మిగతా రోజులు అబద్ధాలాడతానని ఒప్పుకున్నట్టేగా? అందుకే మాకు ఒట్లు లేవు. ఎప్పుడైనా ఒకటే మాట."

సాఫ్ట్‌వేర్ కుర్రాడు లోకేశ్ ఊరుకోలేదు. "బానే ఉంది ఆంటీ. ఒట్టే లేనప్పుడు, మీరు అబద్ధం చెప్తే పట్టుకునేదెట్లా?"

అందరూ నవ్వారు. మేరమ్మ ముఖం పాలిపోయింది. "పట్టుకునేవాళ్లెవరూ ఉండరు నాయనా," అని పుస్తకం మూసేసింది. ఎందుకలా అయిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

పదిహేను రోజుల కిందట మా ఆశ్రమంలో డగ్లస్ అనే పెద్దాయన గదిలో జారిపడ్డాడు. ఐదుంపావుకు భోజనం తీసుకెళ్లిన నేనే చూశాను. తుంటి ఎముక విరిగి నేలమీద ఉన్నాడు. ఆయన్ని రెండు గంటలకోసారి చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం మేరమ్మ పని. ఆ రోజు మనుషులు తక్కువ, అటు చివరి గదిలో ఒకావిడ ఏడుస్తూ మేరమ్మ చెయ్యి వదల్లేదు. అందరూ చేసినట్టే మేరమ్మ కూడా నాలుగు గంటల సంతకం ముందే పెట్టేసింది. కానీ వెళ్లలేదు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. గురువారం విచారణ. ఇక్కడే స్థిరపడటానికి పెట్టుకున్న వాళ్ల రెసిడెన్సీ దరఖాస్తు ఈ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఇది పోతే ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాల్సిందే. రీటా ఇక్కడి యూనివర్సిటీ చదువు కూడా అంతే.

క్లాసయ్యాక కప్పులు కడుగుతూ గట్టిగానే అడిగాను. "ఏం చెప్తావక్కా గురువారం?"

"తెలీదు సుభద్రా."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధంతో మీ ముగ్గురూ నిలబడతారు. సంతకం ఉందిగా, ఊరికే ఉండు. కొరివితో తల గోక్కోకు."

ఆమె కడిగిన కప్పునే మళ్లీ తుడిచింది. నాకు ఒళ్లు మండింది.

గురువారం చిన్న గదిలో నలుగురం. బయటినుంచి వచ్చిన విచారణాధికారి, డగ్లస్ కూతురు, మేము. ముందు నన్నే అడిగాడు. నేను తడుముకోలేదు. "నాలుగింటికి మేరమ్మ ఆయన గదిలోకి వెళ్లడం నా కళ్లతో చూశాను," అన్నాను. ఆమె నోరు తెరవక ముందే దారి వేసేశానని లోలోపల సంబరపడ్డాను కూడా.

ఆయన మేరమ్మ వైపు తిరిగాడు. "ఇక్కడ ప్రమాణాలేమీ లేవు. జరిగింది చెప్పండి, చాలు."

మేరమ్మ కళ్లు మూసుకుంది. అవుననేలా తల ఊపితే చాలు. ఒక నిమిషం గడిచింది, రెండోదీ గడిచింది. అధికారి కలం కింద పెట్టాడు. ఊపు అక్కా, ఊపు అని మనసులో మొత్తుకున్నాను.

"నేను వెళ్లలేదు," అంది మేరమ్మ. "వెళ్లకుండానే సంతకం పెట్టాను. సుభద్ర నామీద ప్రేమకొద్దీ అలా చెప్పింది. రెండింటికి చూశాను. ఆ తర్వాత ఐదుంపావు దాకా ఆయన్ని ఎవరమూ చూడలేదు."

నేను తలెత్తలేకపోయాను. సిగ్గుకంటే ముందు కోపమొచ్చింది. గంట తిరిగేలోగా మేరమ్మ ఉద్యోగం పోయింది. నన్ను హెచ్చరించి వదిలేశారు. కార్ పార్కులో ఆమెను నిలదీశాను.

"నీ కొంప నువ్వు ముంచుకున్నావు. నన్నెందుకు అందరి ముందూ అబద్ధాలకోరును చేశావు?"

జవాబు చెప్పేలోగా డగ్లస్ కూతురు వచ్చింది. తిడుతుందనుకుని మేరమ్మకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను పట్టించుకోలేదు.

"మా నాన్న మొదటిరోజు నుంచీ చెబుతున్నాడు, రెండున్నర నుంచి నేలమీదే ఉన్నానని, పిలిచి పిలిచి గొంతు పోయిందని," అంది. "నేను ఈ నాలుగింటి సంతకం చూపించి, నీకు మతి చెడింది నాన్నా అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్తున్నాను."

ఆమె కారు వెళ్లిపోయింది. మేరమ్మ అక్కడే మెట్టుమీద కూలబడి ఏడ్చింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మంచంమీద పడి నిజం చెబుతున్న ముసలాయన్ని పిచ్చివాణ్ని చేయడానికి, ఆ పొద్దున నేను నా వంతు సాయం చేసి వచ్చాను.