ఊఁ కొట్టే చోటు

నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలని టాటానగర్ గోల్‌మురిలో మా వీధి కుక్కలకి కూడా తెలుసు. గమ్హరియాలో నేను పనిచేసే, ఇనప రేకులు నొక్కే ప్రెస్ షాపులో ఒకసారి మిషను కొట్టిన దెబ్బకి పక్క ఫ్యాక్టరీ గోడగడియారం అరగంట ముందుకి దూకిందని, అప్పట్నుంచి వాళ్లంతా మాకంటే ముందే ఇళ్లకి పోతున్నారని షిఫ్టు బస్సులో చెప్పాను. ఒకాయన మర్నాడు వెళ్లి అక్కడేమైనా ఖాళీలున్నాయా అని కనుక్కుని వచ్చాడు. మా ఆవిడ మాత్రం పెళ్లయిన నాటి నుంచి నా కథల్లో ఒక్కదానికీ ఊఁ కొట్టలేదు. "ఊఁ అంటే ఒప్పేసుకున్నట్టే. నానొప్పుకోను," అంటుంది.

ఊఁ కొట్టింది మా అమ్మాయి.

మా ఇంట్లో కథకి ఒకటే కట్టుబాటు. చెప్పేవాడు మాట చివర ఆగాలి, వినేవాళ్లు ఊఁ అనాలి. ఊఁ రాకపోతే కథ అక్కడే నిలబడిపోతుంది, టాటానగర్ బయట సిగ్నల్ పడని గూడ్సులాగ. మా అమ్మ నాకు అలాగే చెప్పింది, నేను నా కూతురికి అలాగే చెప్పాను. ఆ పిల్ల ఊఁలు ఎన్ని రకాలో! నమ్మనప్పుడు సాగదీసి ఒక ఊఁ. తొందర పెట్టడానికి పొట్టిది. నిద్ర ముంచుకొస్తుంటే సన్నగా, దారం తెగబోతున్నట్టు ఇంకొకటి. అది తెగాక కూడా నేను కాసేపు ఆగి చూసేవాణ్ణి, మళ్లీ అంటుందేమోనని.

ఆమెకి అన్నిటికన్నా ఇష్టం సైకిలు కథ. మా వసారాలో గోడకి ఆనించి తుప్పుపట్టిన సైకిలొకటి ఉంది, మా నాన్నది. "అదెందుకు నానా, కబాడీవాలాకి ఇచ్చీవా?" అని చిన్నప్పుడు అడిగితే ఆ కథ పుట్టింది. మీ తాత సైకిలుకి డ్యూటీ టైములన్నీ తెలుసమ్మా అన్నాను. సైరను కూసిందంటే చాలు, తాత ఎక్కినా ఎక్కకపోయినా బయల్దేరిపోయేది. ఊఁ. ఒకరోజు తాతకి పని ఆలస్యమైంది. అది ఆగుతుందా? ఒక్కత్తే వచ్చేసింది. ఊఁ. వాకిట్లో నిలబడి బెల్లు కొట్టింది. ఊఁ. మీ నాయనమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. వెనక్కి చూడకుండానే, "కాళ్లు కడుక్కుని రండి, వడ్డించేత్తన్నాను," అంది. వడ్డించేసింది కూడా. చీకటి పడ్డాక తాత కాళ్లీడ్చుకుంటూ నడిచొచ్చాడు. నాయనమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, "మీరేటి ఇప్పుడొచ్చారు? మీ సైకిలు తినీసి తొంగుండిపోనాది!" అంది.

ఇక్కడ మా పిల్ల పొట్ట పట్టుకుని దొర్లేది. ప్రతిసారీ.

ఈ కథలో బెల్లు నిజం. మా అమ్మ అన్న మాట నిజం. మా నాన్న తను పనిచేసే ఫ్యాక్టరీ గేటు బయట టీ దుకాణం ముందు గుండె ఆగి పడిపోతే, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లినవాళ్లు కొందరు, సైకిలు ఇంటికి చేర్చడానికి వచ్చినవాడు ఒకడు. ఎలా చెప్పాలో తెలియక అతను వాకిట్లో బెల్లు కొట్టాడు. మా అమ్మ వెనక్కి తిరక్కుండానే కాళ్లు కడుక్కుని రమ్మంది. నేను అక్కడే పీట మీద కూర్చుని ఉన్నాను. నా కథలో ఆయన ఆలస్యంగానైనా వస్తాడు. నేను జీవితంలో ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ చిల్లర.

అమ్మాయి పదో క్లాసులో ఉండగా వాళ్లమ్మ ఈ సంగతి చెప్పేసింది. ఆ పిల్ల వసారాలో సైకిలు పక్కన చాలాసేపు కూర్చుని, లోపలికొచ్చి, "అయితే నువ్వు సెప్పిందే బాగుంది నానా. దాన్నే ఉంచు," అంది.

కిందటి ఏడాది ఇంజనీరింగ్‌లో చేరింది. కాలేజీ మా ఊళ్లోదే. అక్కడ పిల్లలకి రకరకాల సంఘాలు. బెంగాలీలకొకటి, ఒడియావాళ్లకొకటి, సంతాలీ పిల్లలకొకటి, అలాగే తెలుగు పిల్లలకొకటి. ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు పెట్టుకున్నది. మా అమ్మాయి బడిలో పన్నెండో క్లాసు దాకా 'మద్రాసీ'గానే బతికింది. ఇన్నాళ్లకి తనవాళ్లు దొరికారని చేరిన రోజున ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. సంఘం కార్యదర్శి కుర్రాడు ఎలా అడిగాడో, తనేం చెప్పిందో మా ఇద్దరి ముందూ ఆడి చూపించింది.

"మీదే ఊరన్నాడు. గోల్‌మురి అన్నాను. అది కాదు, ఒరిజినల్‌గా అన్నాడు. ఒరిజినల్‌గా కూడా గోల్‌మురే అన్నాను. మరి నేటివ్ అన్నాడు. శ్రీకాకుళం అవతలెక్కడోనంట, మా నానకే దారి సరిగ్గా తెల్దు అన్నాను!"

"నాకు తెల్దని ఎవుడు సెప్పాడే?"

"తెలిస్తే సెప్పు, ఏ బస్సెక్కాల?"

"బస్సేటి? మన ఊరికి మబ్బులెక్కి పోవాల."

"సరిపోయింది," అంది మా ఆవిడ. "ఆ పిల్లలు అడిగితే అదే సెప్పీయే."

నవ్వుకున్నాం. కానీ నెలా రెండు నెలలు గడిచేసరికి పిల్ల ఇంట్లో మాటలు దిద్దడం మొదలుపెట్టింది. 'ఏటి' కాదమ్మా, 'ఏంటి'. 'వత్తన్నా' కాదు, 'వస్తున్నా'. మా ఆవిడ గరిట ఎత్తి, "ఏంటి అంటే కూర రుసి మారిపోద్దేటే?" అంది. అమ్మాయి నవ్వలేదు. వాళ్లు తను నోరు తెరవగానే ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారట. ఏమీ అనరు, మంచి పిల్లలేనట. అందుకని తను అక్కడ హిందీలోనే మాట్లాడుతోందట.

తెలుగు సంఘంలో హిందీ. నాకు నవ్వు రావలసిన మాట. రాలేదు.

ఉగాదికి వాళ్లొక కార్యక్రమం పెట్టారు. ఎవరింటి కథ వాళ్లు వేదికెక్కి తెలుగులో చెప్పాలి. మా అమ్మాయి పేరిచ్చింది. "సైకిలు కథ సెప్తాను నానా. మనం ఇంట్లో ఎలగ సెప్పుకుంటామో అలగే. మన మాటే సెప్తాను. ఇన్నాక వాళ్లకే తెలుస్తాది," అంది. ఏం తెలుస్తుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఒక్కసారి ఆ హాలు తన మాట వింటే చాలు, ఇంక ఎక్కడా హిందీ వెనక దాక్కోనక్కర్లేదు. అదీ ఆ పిల్ల ఆశ. రోజూ వసారాలో చెప్పి చూసుకునేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. నాకన్నా బాగా చెబుతోంది. బెల్లు దగ్గర ఆగడం చూడాలి. ఊఁ అనకుండా ఉండటం మనిషి వల్ల కాదు.

ఊళ్లో ఇల్లున్నవాళ్లం మేమే గనక తల్లిదండ్రుల తరఫున నేనొక్కణ్ణే వెళ్లాను. మా ఆవిడని రమ్మంటే, "మీ అబద్ధం దాని నోటినించి కూడా ఇనాలా?" అంది గానీ, నా చొక్కా తనే ఇస్త్రీ చేసింది, కాలరు రెండుసార్లు.

వెనక వరసలో కూర్చున్నాను. ముందు మాట్లాడిన పిల్లలు ఫోను చూసి గడగడా చదివేశారు. చప్పట్లు కొట్టారు. తర్వాత మా అమ్మాయి. ఫోను లేదు, కాగితం లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని మొదలెట్టింది.

"మా తాతకో సైకిలుండీది."

హాలు నవ్వింది.

అమ్మాయి మొహం వెలిగింది. నాది ఆరిపోయింది. ఎందుకంటే ఆ మాటలో నవ్వాల్సిందేమీ లేదు. నా జన్మంతా అబద్ధాలు చెప్పి బతికినవాణ్ణి, ఏ మాట మీద నవ్వు పడాలో నాకు తెలుసు. 'ఉండీది' మీద పడింది. "సైరను కూత్తే సాలు, బయల్దేరిపోయీది" అంది, మళ్లీ నవ్వు, ఈసారి పెద్దది. వాళ్లు సైకిలుని చూడటం లేదు. ఆ పిల్ల నోటిని చూస్తున్నారు. నాలుగో మాటకి ఆమెకీ తెలిసిపోయింది. వేదిక మీద పిల్ల మెడ కొంచెం లోపలికి పోవడం వెనక వరస నుంచి కూడా కనబడింది.

అయినా చెప్పుకుపోయింది. "వాకిట్లో నిలబడి బెల్లు కొట్టింది."

ఆగింది.

నేర్పిన చోట ఆగింది. ఊఁ కోసం. ఆ హాల్లో ఎవరికి తెలుసు అది ఊఁ కొట్టే చోటని? ముందు వరసలో ఒక అమ్మాయి, "అయ్యో, మర్చిపోయినట్టుంది" అంది. ఇంకొకరు, "ఎవరైనా అందించండ్రా!" అన్నారు. మా అమ్మాయి మర్చిపోలేదు. ఊఁ లేనిదే తర్వాతి మాట నోట్లోకి రాని ఇంట్లో పెరిగింది. కళ్లు వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాయి.

"ఊఁ," అన్నాను.

మెల్లగానే అన్నాననుకున్నాను. ప్రెస్ షాపులో పనిచేసేవాడి మెల్లన. హాలంతా వెనక్కి తిరిగింది. తర్వాత పడిన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అంకుల్, వన్స్ మోర్!" అని ఎవరో అరిచారు. వేదిక మీద మా పిల్ల కూడా నవ్వింది, పెదాలతో. ఆ తర్వాత ఇంకెక్కడా ఆగలేదు. ఆగని స్టేషన్లో రైలు పోయినట్టు కథ పోయింది. కాళ్లు కడుక్కుని రమ్మన్న మా అమ్మ మాటా పోయింది, సైకిలు తినేసి పడుకున్న మాటా పోయింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. అయిపోయిందని తెలిశాక చప్పట్లు కొట్టారు, చాలా కొట్టారు.

బయట సమోసాలు తింటున్నప్పుడు కార్యదర్శి కుర్రాడు వచ్చాడు. నిజంగా మర్యాదస్థుడు, నాకు నమస్కారం పెట్టాడు.

"సూపర్ చెప్పావ్," అన్నాడు మా అమ్మాయితో. "ఆ యాస ఎక్కడ పట్టావసలు? సినిమాల్లో కామెడీ వాళ్లు కూడా అంత బాగా చెయ్యలేరు."

నేను ఎదురుచూశాను. ఇది మా ఇంటి మాటరా బాబూ అని ఆమే చెప్పాలి, నేను కాదు.

"అవును," అంది మా అమ్మాయి. ప్రతి అక్షరం ఇస్త్రీ చేసినట్టుంది. "చాలా ప్రాక్టీస్ చేశాను."

"అంకుల్..?"

"మా నాన్నగారు."

పుట్టినప్పటి నుంచి నేను దానికి నానని. ఆ రోజు గారునయ్యాను.

"మీరు ఊఁ అనడం హైలైట్ అంకుల్. ప్లాన్ చేసుకునే వచ్చారా?"

అబద్ధం నాకు నోటి చివరే ఉంటుంది కదా. "ఆఁ, ప్లానే బాబూ," అన్నాను.

ఇంటికెళ్లాక మా ఆవిడ తలుపు దగ్గరే, "ఊఁ కొట్టారేటి జనం?" అంది.

"కొట్టారు."

"ఎవులు?"

"నేనే."

ఆమె తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. పిల్ల సైకిలు పక్కనుంచి నడిచి లోపలికి పోయింది. "ఏటమ్మా, ఆకలేత్తందా?" అంటే, "నహీఁ, ఖాకే ఆయీ," అంది, తినే వచ్చానని. అప్పట్నుంచి ఇంట్లో తెలుగు అడిగితే హిందీ జవాబు. కోపం లేదు. గ్లాసు అందిస్తుంది, మందులు గుర్తు చేస్తుంది. అన్నం దగ్గర నేనేదో కొత్త కోత మొదలుపెడితే వింటుంది కూడా. నేను మాట చివర ఆగుతాను. ఫోను మీద వేలు కదులుతూనే ఉంటుంది. "హాఁ, ఫిర్?" అంటుంది, తర్వాతేంటన్నట్టు. ఒకసారి మా ఆవిడ చూడలేక, పెళ్లయ్యాక మొదటిసారి, "ఊఁ... సెప్పండి," అంది. నాకు తర్వాత ఏం జరిగిందో తోచలేదు. కల్పించేది నేనే అయినా.

ఈమధ్య సంఘంలో మా అమ్మాయికి మంచి పేరు. ఏ పండగ వచ్చినా ఆమె ఐటమ్ ఉండాల్సిందేనట. కిందటి ఆదివారం మధ్యాహ్నం ఆమె గది ముందు నుంచి పోతుంటే లోపల సైకిలు కథ వినబడింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. అద్దం ముందు చెబుతోంది. మా మాటే, కానీ మేమెవరం అంత సాగదీసి మాట్లాడం. 'ఉండీది' దగ్గర ఆగింది. 'కూత్తే సాలు' దగ్గర ఆగింది. హాలు ఎక్కడ నవ్విందో సరిగ్గా అక్కడల్లా ఆగుతోంది. నా నోరు అలవాటుగా తెరుచుకుంటోంది, కానీ ఆ ఆగడాలు నావి కావు. బెల్లు దగ్గర ఆగనే లేదు.

"ఎనక్కి సూడకండానే అనీసిందీ... కాళ్లు కడుక్కుని రండీ, వడ్డించేత్తన్నానూ!" అని గొంతు కీచుగా పెట్టింది. నవ్వు కోసం కాసేపు ఆగి, అద్దానికి నమస్కారం పెట్టింది. "థాంక్యూ."

అక్కడితో అయిపోయింది. అక్కడే నవ్వు ఎక్కువ పడుతుంది కాబోలు.

"ఏటలగ నిలబడిపోనారు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఇంకా ఉందేమోనని నిలబడ్డాను. చీకటి పడలేదు, ఎవరూ కాళ్లీడ్చుకుంటూ నడిచి రాలేదు. ఆమె చెప్పే కథలో మా నాన్న ఇంటికి రాడు.