లింగాగౌడు పేనిన మోకు

లింగాగౌడు చెట్లెక్కడం మానేశాడన్న సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నేను వంటమనిషిని, అతను డ్రైవరు. బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో మా యజమాని, మేం బాబా అని పిలిచే ముసలాయన ఇంటి పెరట్లో, అతని గది గుమ్మానికి ఎదురుగా, ఒకే ఒక్క ఖర్జూరపు చెట్టు ఉంది. నాలుగేళ్ళుగా దాని నీడలోనే కారు తుడుస్తాడు. తలెత్తి పైకి చూడగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అతనిది జగిత్యాల వైపు ఊరు, కల్లుగీసే కుటుంబం. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడును వాళ్ళు మోకు అంటారు. మోకు పేనడంలో ఆ ఊళ్ళో లింగాగౌడుదే మంచి చెయ్యి అట. పదేళ్ళ కిందట అతను పేనిచ్చిన మోకే చెట్టు మీద తెగి, వాళ్ళన్న కిందపడి చనిపోయాడు. ఇక జన్మలో మోకు కట్టి చెట్టెక్కనని వదిన గౌరవ్వ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఏడే దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్ వచ్చాడు. వాళ్ళకు గల్ఫంతా దుబాయే. మా నరసాపురం వాళ్ళం అయితే ఏ దేశమో సరిగ్గా చెప్పి చస్తాం. ఇదంతా ఒక శుక్రవారం నన్ను చర్చి నుంచి తీసుకొస్తూ కారులో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నాది పెద్ద నోరే గాని, నమ్మి చెప్పిన మాట బయటపెట్టే రకాన్ని కాదు.

ఈ ఫిబ్రవరిలో చెట్టుకు పూపొత్తులు విచ్చాయి. గాలినీ తేనెటీగల్నీ నమ్ముకుంటే ఖర్జూరం సరిగ్గా కాయదు. మగచెట్టు పూరెమ్మలు తెచ్చి ఆడ గెలల మధ్య దోపి కట్టాలి, అదీ పొత్తి విచ్చిన నాలుగైదు రోజుల్లోనే. ఏటా వచ్చి కట్టే బెంగాలీ భాయ్ సెలవు మీద బంగ్లాదేశ్ వెళ్ళాడు. "అయితే నేనే ఎక్కుతాను," అని బాబా స్టోరు గదిలోంచి తన పాత తాడు తీశాడు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మనవాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి నేర్చిన హిందీ బాగానే మాట్లాడతాడు, వినడం మాత్రం ఏ భాషలోనూ రాదు. కొడుకులు వద్దన్నారు. ఖలాస్, ఇక మాట్లాడొద్దన్నాడు, వాళ్ళూ ఊరుకున్నారు.

లింగాగౌడు ఆ తాడును వేళ్ళతో ఒత్తి చూశాడు. ఇది తెగుతుందని చెప్పి పట్టుకుపోయాడు. రెండు రోజులు డ్యూటీ అయ్యాక గది ముందు కూర్చుని, కొత్త నైలాన్ తాడు మూడు పేటలుగా పేని, జారకుండా పైన ఖర్జూరపు నార చుట్టాడు. నేను టీ తీసుకెళితే తాగలేదు. చేతులు చకచకా ఆడుతున్నాయి గాని ముఖం పీక్కుపోయింది.

మూడో రోజు పొద్దున బాబా ఆ మోకు నడుముకు కట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడు. లింగాగౌడు గబగబా వెళ్ళి ముడి విప్పేశాడు. బాబా కళ్ళెర్రజేశాడు. అతను పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు.

"రూతమ్మక్కా, నా చేతుల మోకు మీద ఇంకో మనిషిని ఎట్ల ఎక్కియ్యాలె? తెగితే?"

"తెగదనుకునే కదయ్యా పేనావు."

"అప్పుడు గూడ గట్లనే అనుకున్న."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

చివరికి మోకు తనే కట్టుకున్నాడు. ఒక మనిషి నిలువు ఎక్కాడో లేదో, చెట్టును రెండు చేతులా వాటేసుకుని ఆగిపోయాడు. "వెనక్కి వాలు," అని కింద నుంచి బాబా హిందీలో కేకేశాడు. "చెట్టును కరుచుకుంటే తాడు వదులవుతుంది. నీ బరువంతా ఇస్తేనే అది నిన్ను పట్టుకుంటుంది." ఇది గీత పనివాడికి చెప్పాల్సిన పాఠమా? అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్ళు మాట వినొద్దూ? జరజరా జారి దిగాడు, రొమ్మంతా గీరుకుపోయింది.

"ఒట్టు అడ్డమొస్తోందా?" అన్నాను.

"వదిన తల మీద వెట్టిన ఒట్టు అక్కా. తప్పితే నాకు గాదు, ఆమెకేమన్నయితది."

"ఆవిడ మీద వేసిన ఒట్టు ఆవిణ్ణే అడుగు. మా మొహాలు చూస్తే ఏమొస్తుంది?"

వీడియో కాల్ చేశాడు. పదేళ్ళలో ఆమెతో పిల్లల చదువులూ జ్వరాలూ మాట్లాడాడే గాని, ఆ చావు ఊసు ఒక్కసారీ ఎత్తలేదట. గౌరవ్వ ఒళ్ళో బీడీలు చుట్టే చాటతో కనిపించింది. అతను నేల చూస్తూ జరిగిందంతా చెప్పాడు. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"మోకెవరు పేనిండ్రు?"

"నేనే వదినా."

నేను తొంగి చూశాను. ఆమె చాటలో ఆకులు సర్దుతోంది.

"నువ్వు పేనిన మోకయితె ఎక్కు," అంది. "ఒట్టు నేను తీసేస్తున్న. మీ అన్న పోయిన నాడు గూడ నీ చేతులను నేను తప్పు వట్టలే. తప్పు వట్టుకున్నది నువ్వే."

అతను ఫోను నా చేతిలో పెట్టి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఆగకుండా మూడు నిలువులు ఎక్కాడు. గెలలు విడదీయడానికి ఒక చెయ్యి, పూరెమ్మలు దోపడానికి ఒక చెయ్యి కావాలి, ఇక చెట్టును పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత రెండు చేతులూ వదిలి వెనక్కి వాలాడు. మోకు బిగుసుకుంది.

నేను ఫోను పైకెత్తి పట్టుకున్నాను గాని, ఎదురెండకు గౌరవ్వకు ఏమీ కనిపించలేదట.

"అక్కా, నిలవడ్డడా?" అని అడిగింది.

"నిలబడ్డాడమ్మా. రెండు చేతులతో పని చేసుకుంటున్నాడు," అన్నాను.

అప్పుడు ఏడ్చింది ఆమె.