రైముందో గారి తలంటు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యాన ఒకసారి రెండు ఖండాలు చెడ్డాయి. ఆ వైనమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా వీపు మీద చల్లగా ఏదో పాకినట్టనిపిస్తే మాత్రం ఆ పూచీ నాది కాదు.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. చేతికి పని లేదు, నోటికి తీరిక లేదు. నరసాపురం రేవుకు కూతవేటు దూరంలో మా వీరవేణి పిన్ని ఇల్లు. ఆ ఇంటి వరండాలో పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లేవారు. మిషను లేసు వచ్చాక వాళ్ళ సూదులు నెమ్మదించాయి. ఆ ఏడు పెద్ద ఆర్డరు ఒక్కటీ రాలేదు. ఇంకొక్క నెల చూసి వరండా మూసేద్దామని, అందరం రొయ్యల షెడ్డులో చేరిపోదామని పిన్ని అనేసింది కూడా. సరిగ్గా అప్పుడు బ్రెజిల్ నుంచి రైముందో అనే వ్యాపారి మెయిలు పంపాడు. చేత్తో అల్లిన లేసు కావాలి, స్వయంగా వచ్చి చూసుకుంటాను అని.

"మర్యాదగా నాలుగు ముక్కలు రాయరా చంటీ," అంది పిన్ని. ముప్ఫై ఏళ్ళొచ్చినా నేను చంటినే.

నేను నలభై ముక్కలు రాశాను. లేసు గురించి రెండు, మా ప్రాంతం గురించి మిగతావన్నీ. గోదావరి, పూతరేకులు, పులస అన్నీ అయిపోయాక ఇంకా తెల్ల కాయితం మిగిలినట్టనిపించి, చిన్నప్పుడు మమ్మల్ని బెదిరించిన ముచ్చటొకటి తగిలించాను. మా వైపు వంతెన కట్టేటప్పుడు గోదావరి తల అడుగుతుంది. ఏ తల పడితే ఆ తల పనికిరాదు, నడినెత్తిన ఏదో ఒక గుర్తుండాలి. దొరికినవాణ్ణి కొట్టరు, తిట్టరు. పీట మీద కూర్చోబెట్టి, నూనె రాసి, పసుపు పెట్టి, ఎంతో మర్యాదగా చూస్తారు. చివర్లో 'హహ్హ' అని రాద్దామనుకుని, వ్యాపార ఉత్తరం కదా బాగోదని మానేశాను. ఈ మానేసిన 'హహ్హ'ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

అతను వచ్చే ముందు సాయంత్రం పిన్ని నన్ను వరండాలో కూర్చోబెట్టి, ఆ దేశం ఎలాంటిదో అందరికీ చెప్పమంది. చెప్పాను. దక్షిణ అమెరికాలో సగం వాళ్ళదే. మాట్లాడేది పోర్చుగీసు, అంటే మన పాతకాలం వాళ్ళు బుడతకీచులన్నారే, వాళ్ళ భాష. మన జీడిమామిడి అక్కణ్ణుంచే ఓడెక్కి వచ్చింది. సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పుట్టిల్లూ అదే. మన ఒంగోలు జాతి పశువులు అక్కడ మందలు మందలు. కార్నివాల్ అని వీధులన్నీ ఆడిపాడే పండగ ఒకటుంది. బంతి కనిపిస్తే పురోహితుడైనా కాలితో తంతాడు.

సూదులు ఆడుతూనే ఉన్నాయి. నూకరత్నం గారు ఆవులించింది. ఆవిడ ఆ వరండాకి పెద్ద పనిమంతురాలు, నా పాలిట పెద్ద పరీక్ష. ఆవిడ ఆవులింత నాకు చెంపదెబ్బ.

"అక్కడ అమెజాన్ అని ఒక నది ఉందండి," అన్నాను గొంతు తగ్గించి. "అందులో గులాబీరంగు డాల్ఫిన్‌లు ఉంటాయి. పండగ రోజుల్లో అందులో ఒకటి మగమనిషై ఒడ్డెక్కుతుందిట. తెల్ల బట్టలు, తెల్ల టోపీ. చాలా మర్యాదస్తుడు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, టోపీ మాత్రం తియ్యడు. ఎందుకంటే డాల్ఫిన్ ఊపిరి పీల్చే కన్నం నడినెత్తినే ఉంటుంది. మనిషయినా అది పూడదు. చీకటి విడేలోగా నీళ్ళలోకి వెళ్ళిపోతాడు. అతనితో నవ్వుతూ మాట్లాడిన పిల్ల తరవాత్తరవాత ఒక్కతే నది కేసి నడుస్తుందిట."

ఇంతవరకూ వాళ్ళ కథ. "అతను కూర్చున్న చోటల్లా తడి ఉంటుంది," అన్నది నా సొంత కల్పన. సూదులు పదిహేనూ ఆగిపోయాయి. రేవు వైపు నుంచి గాలి వచ్చి గుమ్మానికి కట్టిన లేసు తెర ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బింది. నూకరత్నం గారు ఆవులించలేదు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

మర్నాడు మార్గశిరం పొగమంచు. ఏడు గంటలైనా ఎదుటి మనిషి కనబడలేదు. వశిష్ఠ గోదావరి ఉందో లేదో చప్పుడును బట్టి తెలుసుకోవాలి. అవతలి ఒడ్డు నుంచి జనాన్ని దాటించే పంటు రావడం వినబడింది, ఆగడం వినబడింది. తరవాత మంచులోంచి ఒక మనిషి నడిచి వచ్చాడు.

తెల్ల బట్టలు. తెల్ల టోపీ.

పదిహేను మందీ లేచి నిలబడ్డారు. పంటు మీద చేపల బుట్టల పక్కన నిలబడ్డాడు కాబోలు, నీచువాసన. పంట్లాం మోకాళ్ళదాకా తడి. కుర్చీ వేస్తే కూర్చుని నవ్వుతూ అందరికీ తలవంచి నమస్కరించాడు, టోపీ తియ్యకుండా. లేసు చూడ్డానికి లేచినప్పుడు నూకరత్నం గారు కుర్చీని వేలితో తాకి, ఆ వేలు నాకు చూపించింది. తడి.

నా కల్పన నాకే ఎదురొస్తుంటే, అబ్బే, పంటు మీద నీళ్ళు పడి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతలో అతను కిటికీలోంచి నది కేసి చూస్తూ, "చీకటి పడేలోగా నేను వెళ్ళిపోవాలి," అన్నాడు.

వంటింట్లో సమావేశం జరిగింది. టోపీ కింద ఏముందో తేలితేగానీ లేసు ముట్టుకోనిచ్చేది లేదన్నారు అందరూ. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలున్నారు మరి. ఇటు చూస్తే ఆర్డరు పోతే వరండా పోతుంది.

"టోపీ తియ్యండని ఇంటికొచ్చిన మనిషిని అడుగుతామా," అంది పిన్ని. "తలంటు పోద్దాం. తలంటుకి టోపీ పెట్టుకుని ఎవడూ కూర్చోడు."

గోదావరి జిల్లాల బుర్ర అంటే అదండి. పక్కవాడి గుట్టు తెలుసుకోవాలన్నా మర్యాదలోంచే వెళ్ళాలి.

పెరట్లో పీట వేశారు. శాలువా లేక, ఉన్నవాటిలో మంచి లేసు గుడ్డ తీసి అతని భుజాల మీద కప్పారు. నలుగుపిండి, పసుపు, నూనె గిన్నె. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. అతని ముఖంలో రంగు మారుతోంది గానీ, పరదేశి కదా, సిగ్గు కాబోలనుకున్నాను. పిన్ని కళ్ళతో సైగ చేసింది. టోపీ తీసి, అరచేత్తో నూనె తీసుకుని అతని మాడు మీద పెట్టాను.

వేళ్ళు లోపలికి దిగాయి.

అక్కడ ఎముక ఉండాల్సిన చోట గుంట ఉంది. నిమ్మకాయంత. మెత్తగా, చల్లగా. నూనె అందులోకి జారి నిలబడింది.

"పిన్నీ, ఉంది," అన్నాను.

అతను తల ఎత్తకుండా, చాలా నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగాడు.

"మీరు వెతుకుతున్న గుర్తు దొరికిందా?"

ఏ గుర్తో నాకు తట్టలేదు. అతిథి ఏమడిగినా అవునండీ అనడం మా వైపు చిన్నప్పటి అలవాటు. అవునండీ అన్నాను.

సరిగ్గా అప్పుడే నూకరత్నం గారు, పాపం, తలంటయ్యాక తాగుతాడని కొబ్బరిబొండాం తెచ్చి, అతని చెవి పక్కనే నిలబడి, కత్తితో దాని తల ఒక్క వేటుకి ఎగరగొట్టింది.

ఆ మనిషి లేచిన వేగం ఏ జంతువులోనూ నేను చూడలేదు. పసుపుతో, నూనెతో, భుజాన లేసుతో వీధిలోకి, వీధిలోంచి రేవులోకి. మేం వెనకాల. పంటు అప్పుడే ఒడ్డు వదిలింది. అతను ఆగలేదు, గోదాట్లోకి దూకాడు. ఈత అంటే ఈత కాదండి, చప్పుడే లేదు. నూనె రాసిన తల ఒకసారి పైకి తేలింది, మంచులో కలిసిపోయింది.

పదిహేను మంది ఒడ్డున నిలబడి చూశారు. నూకరత్నం గారంది: "చంటి బాబు చెప్పింది చెప్పినట్టే జరిగిందండి వీరవేణి గారూ."

కథకుడికి అంతకన్నా కితాబు లేదు. కానీ నాకు సంతోషం కలగలేదు. పిన్ని ఇంటికొచ్చి వరండాలో చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

నెల తిరక్కుండా రైముందో ఉత్తరం వచ్చింది. అమెజాన్ ఒడ్డున పుట్టినవాడు, నడక కన్నా ముందు ఈత వచ్చిందిట. ఆ అడవుల్లో ఒక చెట్టుకి మన కొబ్బరికాయంత గట్టి కాయలు కాస్తాయి, లోపల పప్పులుంటాయి. పదేళ్ళ వయసులో ఒకటి నెత్తిన పడి ఆ గుంట మిగిలింది. నా మెయిల్లో వంతెన ముచ్చట చదివి నిజమేననుకుని, ఆ తలతో గోదావరి జిల్లాకి రావాలా వద్దా అని చాలా ఆలోచించాడట. రేవులో వంతెన కోసం మట్టి పరీక్షలు చేస్తున్నారని పంటు మీద ఎవరో చెప్పారట. చీకటి పడేలోగా వెళ్ళిపోవాలన్నది అందుకేనట.

అసలు సంగతి చివర రాశాడు. భుజాన ఉన్న లేసు గుడ్డ గోదావరి ఈదిందట, పంటు ఎక్కేటప్పుడు దాని ఇనుముకి రాసుకుందట, కుట్టు ఒక్కటి చెదరలేదట. అలాంటివి ఎన్ని అల్లగలిగితే అన్నీ తనకే కావాలన్నాడు. షరతు ఒకటే, ఇకమీదట ఉత్తరాలు ఆ మేనల్లుడు కాక ఎవరు రాసినా ఫరవాలేదు. వరుస తప్పు రాశాడు గానీ, దిద్దే హక్కు నాకు లేకుండా పోయింది.

వరండా నేటికీ నడుస్తోంది. అతని టోపీ పిన్ని ఇంట్లో మేకుకి వేలాడుతోంది. దాని లోపల ఎప్పుడు తాకినా తడే, రోహిణీ కార్తెలో కూడా. నూనె మరకరా అంటుంది పిన్ని. నేనూ అదే అంటాను.

కథ చెప్పనేల, తల తడమనేల. ఇకపై ఏ దేశం గురించీ ఎవరికీ రాజధాని పేరుకి మించి చెప్పనని, 'హహ్హ' రాయాల్సిన చోట రాయకుండా వదలనని, నా మాడు మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేస్తున్నాను. మాడు గట్టిగానే ఉంది. ఇప్పుడే చూసుకున్నాను.